సైకిల్‌కి వెనక అద్దం: మూడేళ్లు వాడాక

మియాపూర్‌లో మా ఇంటి నుంచి మాదాపూర్‌లో ఆఫీసుకి దాదాపు 10 కిలోమీటర్లు. వారానికి నాలుగు రోజులు సైకిల్ మీదే వెళ్తాను. హైదరాబాద్ ట్రాఫిక్‌లో సైకిలేంటి అని అడగనివాళ్లు లేరు కాబట్టి, భద్రత కోసమని లైట్లు, హెల్మెట్, మెరిసే జాకెట్, చివరికి పొంపొం అనే ఎలక్ట్రిక్ హారన్ కూడా కొన్నాను. ఇన్ని కొన్నా, రోజూ నిజంగా పనికొచ్చేది మాత్రం 350 రూపాయలు పెట్టి 2022 జులైలో హ్యాండిల్ చివర బిగించుకున్న చిన్న గుండ్రటి అద్దం.

కొనడానికి కారణం ఒక బస్సు. కొండాపూర్ దగ్గర సాయంత్రం, సన్నగా వాన. నీళ్లు నిండిన గుంట ఎదురొచ్చింది. లోతెంతో తెలియదు. వెనక ఏ చప్పుడూ లేదనుకుని కుడికి కోశాను. వానలో, హారన్ల గోలలో వెనకొస్తున్న బస్సు ఇంజిన్ శబ్దం కలిసిపోయిందన్నమాట. డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు కాబట్టి ఇది రాస్తున్నాను. అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, వాటిలో అన్యాయం ఏమీ లేదు. తప్పు నాదే.

మర్నాడు షాపుకెళ్లి అద్దం అడిగితే "బాబు సైకిల్‌కా సార్?" అన్నాడతను. గేర్ల సైకిల్ కొన్నవాళ్లకి అద్దమంటే ఎందుకో నామోషీ. మా నాన్నగారి రోజుల్లో తెనాలిలో రాత్రిపూట డైనమో లైటు లేకుండా దొరికితే పోలీసులు టైర్లలో గాలి తీసేసేవారట. ఇప్పుడు లైటు లేకుండా ఫ్లైఓవర్ ఎక్కినా పలకరించేవాడు లేడు. మన జాగ్రత్త మనమే చూసుకోవాలి.

అద్దం వల్ల వెనకొచ్చే బండి కనిపిస్తుందని అందరికీ తెలుసు. నేను ఊహించనిది వేరే ఉంది. అద్దం లేనప్పుడు భయంతో రోడ్డుకి ఎడమ అంచున, మురుగు కాలువ జాలీల మీదుగా, ఆగి ఉన్న కార్లని రాసుకుంటూ వెళ్లేవాణ్ని. నిజానికి ఆ అంచే ప్రమాదం. ఇసుక, గాజుపెంకులు, చక్రం ఇరుక్కునే సందులున్న జాలీలు, ఉన్నట్టుండి తెరుచుకునే కారు తలుపులు, అన్నీ అక్కడే ఉంటాయి. పైగా మనం అంచుకి ఒదిగే కొద్దీ వెనకవాడు "పక్కనుంచి దూరిపోవచ్చు" అనుకుంటాడు. అద్దం వచ్చాక అంచు నుంచి ఒక మీటరు లోపలికి జరిగి తొక్కడం మొదలుపెట్టాను. వెనక ఎవడొస్తున్నాడో, ఎంత వేగంగా వస్తున్నాడో తెలుస్తుంటే ఆ మీటరు జరగడానికి ధైర్యం వస్తుంది. హారన్లు మొదట్లో కాస్త ఎక్కువే వినిపించాయి. హారన్ కొట్టాడంటే చూశాడనే కదా అర్థం, కొట్టుకోనీ.

మరో సంగతి, ఎలక్ట్రిక్ స్కూటర్లు. ఇదివరకు చెవే నా అద్దం. ఆటో వస్తోందో, బుల్లెట్ వస్తోందో వెనక్కి చూడకుండానే చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు చప్పుడు లేని బండ్లు పక్కకొచ్చేదాకా తెలియడం లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సైకిల్ తొక్కేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అద్దం అసలు ఉపయోగం జంక్షన్ల దగ్గర. కొత్తగూడ జంక్షన్‌లో నేను కింద నుంచే తిన్నగా వెళ్లాలి. 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ ఉంది గానీ, ఆ ఎత్తు ఎక్కుతూ కార్ల మధ్య ఇరుక్కోవడం నా వల్ల కాదు. కింద ఫ్రీ లెఫ్ట్ తీసుకునే కార్లు సరిగ్గా నా ముందుకే వంకర తిరుగుతాయి. అందుకని 50 మీటర్ల ముందే అద్దంలో చూసి, సందు దొరకగానే తల తిప్పి మళ్లీ ఒకసారి చూసి, కుడి చెయ్యి చాపి లేన్ మధ్యలోకి వస్తాను. చెయ్యి చాపాక అద్దంలో ఇంకోసారి చూడాలి, వెనకవాడు వేగం తగ్గించాడా లేదా అని. తగ్గించకపోతే చెయ్యి దించేసి ఎడమకే ఉండిపోవడం. ఇందులో పౌరుషానికి పోకూడదు.

బస్సులతోనూ అంతే. మనల్ని దాటిన బస్సు వెంటనే స్టాపు కోసం ఎడమకి కోస్తుంది. మనం ఆగి, దాన్ని దాటితే మళ్లీ వెనకే వస్తుంది. స్టాపుకీ స్టాపుకీ మధ్య ఈ దొంగాట ప్రాణం తీస్తుంది. ఇప్పుడు అద్దంలో బస్సు కనిపించగానే నెమ్మదించి దాన్ని పోనిస్తాను. ఆగిన బస్సుకి ఎడమవైపు నుంచి మాత్రం ఎంత ఖాళీ ఉన్నా దూరను, అది జనం దిగే వైపు.

లోపాలు లేకపోలేదు. అద్దం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి బండ్లు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాయి. మొదటి నెలలో రెండుసార్లు మోసపోయాను. అందుకే పక్కకి జరిగే ముందు తల తిప్పి చూడటం మానకూడదు. తల తిప్పితే సైకిల్ కూడా అటే వంకర పోతుంది, కాబట్టి ఖాళీ గ్రౌండ్‌లో గీత మీద తొక్కుతూ అది సాధన చేశాను. వానలో అద్దం మీద చుక్కలు నిలిచిపోతాయి, జోరువానైతే ఏమీ కనిపించదు. రాత్రిపూట హైబీమ్ వేసుకున్న కారు వెనకుంటే కళ్లు చెదురుతాయి. హ్యాండిల్ వెడల్పు పెరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర బైకుల మధ్య దూరితే తగులుతుంది.

ఇక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవాళ్ల విషయంలో అద్దం ఏం చెయ్యగలదు? వాళ్ల కోసం ముందు లైటు పగలు కూడా వేసే ఉంచుతాను.

పడటాన్నీ అద్దం ఆపలేదు. పోయిన ఏడాది వానకి తడిసిన జీబ్రా గీతల మీద బ్రేకు పట్టాను, ముందు చక్రం జారింది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పగిలింది, నా తల పగల్లేదు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పనికిరాదు, పారేసి కొత్తది కొన్నాను. సైకిల్ హెల్మెట్లకున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో పరీక్ష వేగం గంటకి 20 కిలోమీటర్ల లోపే. అంటే అది మనం పడితే కాపాడటానికి, బస్సు గుద్దితే కాపాడటానికి కాదు. హెల్మెట్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా తొక్కేవాళ్లకి ఈ ముక్క తెలియాలి.

మన్నిక సంగతికొస్తే, మొదటి అద్దం తొమ్మిది నెలలే వచ్చింది. కీలు దగ్గర ప్లాస్టిక్ బంతి అరిగి, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా అద్దం ఆకాశం చూసేది. పాత ట్యూబు ముక్క కోసి మధ్యలో పెడితే ఇంకో రెండు నెలలు లాగింది. రెండోది 650 రూపాయలు. లోహపు కాడ, స్క్రూతో బిగించే కీలు. ఇది రెండేళ్లు దాటినా గట్టిగానే ఉంది. అంచున ఉన్న బీట మాత్రం రోడ్డు మీద పడింది కాదు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎవరో స్కూటీ ఆనించడం వల్ల. మధ్యలో హెల్మెట్‌కి తగిలించుకునే బుల్లి అద్దం కూడా వాడి చూశాను. వారం రోజులు తలనొప్పి, తీసి పక్కన పడేశాను.

ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి వెళ్తుంటాను. 2023 అక్టోబర్‌లో తెరిచారు. హాయిగా ఉంటుంది, అద్దం వైపు చూడాల్సిన పనే లేదు. కాకపోతే అక్కడికి చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వస్తారు. వాళ్లని తప్పుపట్టను, అక్కడిదాకా తొక్కుకుంటూ వెళ్లడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కొనేవాళ్లకి చెప్పాల్సింది ఒక్కటే ఉంది. హ్యాండిల్ చివరలు మూసి ఉన్న రబ్బరు గ్రిప్‌లైతే బ్లేడుతో చివర గుండ్రంగా కోసుకోవాలి, లేకపోతే అద్దం కాడ లోపలికి దూరదు. కొనేముందు ఆ రంధ్రం వెడల్పు స్కేలుతో కొలుచుకోండి. నేను కొలవకుండా తెప్పించి ఒకటి తిప్పి పంపాను. బిగించాక సీటు మీద కూర్చుని, మీ మోచెయ్యి అద్దంలో ఒక మూల సన్నగా కనిపించేలా తిప్పుకోండి. మిగతాదంతా రోడ్డే కనిపించాలి.