జాగ్రత్త: డబ్బా మీద పిల్లి బొమ్మ, లోపల టీలో కలుపుకునే పాలపొడి

తల్లి వదిలేసిన పిల్లికూనకి పాలపొడి కొనబోతున్నవాళ్ళు ఆర్డర్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆకుపచ్చ మూత డబ్బా, దాంతో బుల్లి పాలసీసా ఫ్రీ అని ఊరిస్తారే, వాళ్ళ గురించే ఇది. పిల్లుల్ని సాకేవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు.

కూన దొరికేసరికి ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. తల్లి వస్తుందేమోనని దూరంగా ఉండి చూశాం, రాలేదు. ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు పాలు పడితే అరగవు కాబట్టి ముందు వెచ్చగా చుట్టాం, తర్వాతే పాలు. ఆవుపాలు పట్టకూడదనీ తెలుసు. పిల్లి పాలతో పోలిస్తే వాటిలో ప్రొటీన్ సగం కూడా ఉండదు, పైగా ఆ పసిపొట్టకి పడక విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే కదా మహానుభావా, కూనల పాలపొడి అని వెతుక్కుని మరీ మీ దగ్గర కొన్నది!

ముందు ఆ ఫ్రీ సీసా సంగతి. తిరగేసి పట్టుకుంటే నిపుల్ లోంచి పాలు చుక్కచుక్కగా పడాలి, ఇది కుళాయిలా కారింది. కూనని బోర్లా పడుకోబెట్టే పట్టాం, అయినా పొలమారి ముక్కులోంచి పాలు వచ్చాయి. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికొస్తుంది. సీసా అవతల పారేసి సూదిలేని చిన్న సిరంజితో మెల్లగా పట్టడం మొదలుపెట్టాం. పొడి మీద మాత్రం అనుమానం రాలేదు, డబ్బా మీద పిల్లి అంత ముద్దుగా నవ్వుతుంటే నాలాంటి తెలివిగలదానికి అనుమానం ఎందుకొస్తుంది!

రెండు మూడు గంటలకోసారి లేచి పడుతూనే ఉన్నాం, రాత్రీ పగలూ తేడా లేదు. ఆ వయసు కూన రోజుకి ఓ పది పదిహేను గ్రాములైనా పెరగాలి, మాది తగ్గుతోంది. నీళ్ళ విరేచనాలు, అరుపులో సత్తువ లేదు. కలపడం సరిగ్గా రాలేదేమో, పాలు చల్లారిపోయాయేమో అని నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. ఈలోగా పొడి కలిపే వేడినీళ్ళ ఆవిరికి డబ్బా మీది స్టిక్కర్ ఓ మూల లేచింది. గోటితో లాగాను. కింద ఇంకో లేబుల్! పాలపొడి, పంచదార, టీ కాఫీలకి అని వాడే విధానంతో సహా రాసుంది. పిల్లి అన్న మాట ఎక్కడా లేదు, ఇక పిల్లులకి తప్పనిసరిగా కావాల్సిన టారిన్ అనే పోషకం సంగతి దేవుడెరుగు.

వెంటనే ఆ డబ్బా అమ్మినవాడికి ఫోన్ చేశాను. కాదంటాడేమో, పొరపాటున వేరే డబ్బా వచ్చిందంటాడేమో అనుకున్నాను. అలాంటిదేమీ లేదు, ఎంత తాపీగా అన్నాడంటే, "పాలు పాలే కదా మేడం, పిల్లికి తేడా తెలుస్తుందా?" అన్నాడు. విరేచనాలతో అది చచ్చిపోయేలా ఉందయ్యా అన్నాను. "బతికేదైతే ఏం పెట్టినా బతుకుతుంది. వీధి పిల్లే కదా, ఇంకోటి దొరుకుతుంది" అని నవ్వాడు. నవ్వాడండీ! డబ్బు పోయినందుకు ఇంత మండలేదు, ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. డబ్బు వాపసు అడిగితే, మూత తీసిన డబ్బా వెనక్కి తీసుకోరట. మూత తీయకుండా లోపల ఏముందో కనిపెట్టే దివ్యదృష్టి ఉన్నవాళ్ళే కొనాలన్నమాట. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

కూన బతికే ఉంది, డాక్టరుగారి పుణ్యం. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని సెలైన్ ఎక్కించారు, ఆయన ఇచ్చిన పాలపొడితో ఇప్పుడిప్పుడే బరువు పెరుగుతోంది. ఇంకా టెన్షన్ తగ్గలేదనుకోండి.

కొనేవాళ్ళు బొమ్మని కాదు, వెనకాల పదార్థాల జాబితా చూడండి. పిల్లికూనలకి అని రాసుండాలి, టారిన్ ఉండాలి, పంచదార ఉండకూడదు. లేబుల్ మీద లేబుల్ అంటించినట్టు కనిపిస్తే మూత కూడా తీయకండి. నిపుల్‌ని ముందు నీళ్ళతో పరీక్షించండి. కూన పాలు తాగకపోయినా, విరేచనాలు మొదలైనా ఇంకో పూట చూద్దాం అనుకోకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తండి, అంత చిన్న ఒంట్లో ఓపిక గంటల్లోనే అయిపోతుంది.

అన్నట్టు, ఇదే డబ్బా మీ ఇంట్లోనూ ఉంటే స్టిక్కర్ పూర్తిగా పీకేయకండి. సగం లేపి, రెండు లేబుళ్ళూ కనిపించేలా ఫోటో తీసి, బిల్లుతో సహా దాచండి. నేను వేసిన ఫిర్యాదుకి నా ఒక్కదాని డబ్బాయే సాక్ష్యంగా ఉంది, ఇంకో నాలుగు తోడైతే అప్పుడు నవ్వమనండి వాణ్ణి.