ఇంటి ఫైబర్ నెట్, మూడేళ్ల వాడకం తర్వాత: కంపెనీ మారింది, తీగ మారలేదు

మాది కావలిలో ఊరి చివర కాలనీ. వాడేది 100 ఎంబీపీఎస్ ప్లాన్. ప్రకటనలో 599 అని ఉంటుంది, 18 శాతం జీఎస్టీతో కట్టేది దాదాపు 707. పగలు స్పీడు బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదైతే పన్నెండు, పదిహేను ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. అడిగితే "అప్ టు అని రాసుంది కదా సార్" అంటారు. ప్రభుత్వ నిర్వచనమూ వాళ్లకే అనుకూలం. 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్, అంటే అర ఎంబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండే, ఇప్పుడు 2 ఎంబీపీఎస్ ఉంటే చాలు.

స్పీడు సంగతి సర్దుకోవచ్చు. లైను పోయినప్పుడే అసలు నరకం. బాక్సులో ఎర్ర లైటు వెలుగుతుంది, అంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. ఎక్కడో తెగింది. కాల్ సెంటర్ వాళ్లేమో "రూటర్ ఆపి ఆన్ చేయండి" దగ్గరే మొదలుపెడతారు. తర్వాత ఫిర్యాదు నంబరు వస్తుంది, దాని వెనకే లైను బాగుచేసే కుర్రాడి ఫోను.

"సార్, మీకొచ్చిన ఓటీపీ చెప్పండి."

"ముందు లైను చూడవయ్యా, తర్వాత చెప్తా."

"రేపు చూస్తా సార్. ఇయ్యాళ టికెట్ క్లోజ్ కాకపోతే మా ఓనరు ఊరుకోడు."

ఓటీపీ చెప్తే కంపెనీ లెక్కలో మన నెట్ బాగైపోయినట్టే. చెప్పకపోతే కుర్రాడు అలుగుతాడు. పాపం, అన్ని వీధులకూ వాడొక్కడే. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను గాలికి తీగలు తెగితే వానలోనే స్తంభాలెక్కి జాయింట్లు వేశాడు. మాకు కరెంటు వచ్చిన చాలా రోజులకు గానీ నెట్ రాలేదు. ఆ రోజులకు బిల్లు తగ్గించమంటే కంపెనీ మా వీధి కేబుల్ ఆపరేటర్ని, అంటే ఆ కుర్రాడి ఓనర్ని అడగమంది, ఆపరేటర్ కంపెనీని అడగమన్నాడు.

విసిగిపోయి కంపెనీ మార్చాం. కొత్త కనెక్షన్ ఇవ్వడానికి ఎవరొచ్చారనుకున్నారు? అదే కుర్రాడు! పాత తీగే ఉంచి, బాక్సు మార్చి, ఇన్‌స్టలేషన్ అని వెయ్యి తీసుకున్నాడు. టీవీ కేబుల్ కాలం నుంచి మా వీధి స్తంభాల మీద ఒకే ఆపరేటర్ తీగలున్నాయి. ఏ కంపెనీ వచ్చినా ఆయన ద్వారానే రావాలి. ప్రభుత్వ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే అని మొదలైనప్పుడు ఆశపడ్డాం గానీ, దాన్ని కూడా ఇంటిదాకా తెచ్చేది ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లే. సెల్ నంబరైతే 2011 నుంచి పోర్ట్ పెట్టి వెళ్లిపోవచ్చు. తీగకు అలాంటి దారి లేదు.

టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్‌కి రాద్దామంటే వాళ్లు విడి ఫిర్యాదులు తీసుకోరు. ముందు కంపెనీకి, అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పెట్టాలి. నేను పెట్టాను. "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. అప్పటికీ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

తీగతో పని లేని 5జీ బాక్సు కూడా కొన్నాళ్లు చూశాం. మేడ మీద పెడితే బాగుంది, కింది గదుల్లో అంతంతమాత్రం. మేడ, దగ్గర్లో టవరు ఉన్నవాళ్లు ముందు దాన్నే చూడండి. ఫైబరే కావాలంటే నెల నెలా కట్టండి. ఆరు నెలలది ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ అంటారు. వద్దు. లైను వచ్చేదాకా ఓటీపీ మాత్రం చెప్పకండి.