ఫోన్ ‘పోయిందా’, కొట్టేశారా? ఈ-లాస్ట్, ఎఫ్‌ఐఆర్‌లలో ఏది మేలు

బెంగళూరులో మన తెలుగు పిల్లల గ్రూపుల్లో నెలకోసారైనా వచ్చే ప్రశ్న ఇది: “అన్నా, ఫోన్ పోయింది. ఈ-లాస్ట్‌లో పెడితే చాలా, స్టేషన్‌కి వెళ్లాలా?” ఈ-లాస్ట్ అంటే పోగొట్టుకున్న వస్తువుల గురించి ఇక్కడి పోలీసులకు ఆన్‌లైన్‌లో చెప్పుకునే ఏర్పాటు. మొన్న మా పిన్ని కొడుకు విషయంలో రెండూ దగ్గరుండి చూశాను.

శుక్రవారం సాయంత్రం మారతహళ్లి బ్రిడ్జి దగ్గర 500డి బస్సు ఎక్కుతుండగా వాడి బ్యాగు ముందు అరను బ్లేడుతో కోసేశారు. బెత్తెడు పొడవున తిన్నగా కోత, అందులోంచి ఇయర్‌ఫోన్ వైరు వేలాడుతోంది. స్టేషన్‌లో వాడు వచ్చీరాని కన్నడంలో “ఫోన్ హోయ్తు సార్” అన్నాడు. “ఈ-లాస్ట్ మాడి” అని రైటర్ వెంటనే తేల్చేశారు.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మన ‘పోయింది’, వాళ్ల ‘హోయ్తు’ రెండూ ఒకటే. ఆటోలో మర్చిపోయినా అదే మాట, దొంగ కాజేసినా అదే మాట. కానీ కాగితం మీద ఆ రెండింటి దారులు వేరు.

ఈ-లాస్ట్ పనికిరానిదని నేననను. నిజంగా ఎక్కడో జారిపోయిన ఫోన్‌కి అదే సరైన దారి. కూర్చున్నచోటే రసీదు వస్తుంది, డూప్లికేట్ సిమ్‌కి పనికొస్తుంది, దాన్ని జతచేసి పోయిన ఫోన్లను అడ్డుకునే కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్ చేయించవచ్చు. ఆ ఫోన్‌లో ఎవరైనా కొత్త సిమ్ వేస్తే పోలీసులకు జాడ తెలుస్తుంది. ఫోన్ తిరిగి రావడం ఒక్కటే లెక్కయితే రెండు దారుల్లోనూ సాయపడేది సీఈఐఆరే. ఎఫ్‌ఐఆర్‌కి మాత్రం సగం రోజు పట్టొచ్చు.

అయినా కొట్టేసిన ఫోన్‌కి నా ఓటు ఎఫ్‌ఐఆర్‌కే. ఈ-లాస్ట్‌లో నేరమే లేదు, కాబట్టి దర్యాప్తూ లేదు. దొంగతనానికి వర్తించే బీమా ఉంటే వాళ్లూ ఎఫ్‌ఐఆరే అడుగుతారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో పోలీసులకు వచ్చిన కాల్స్‌ని పరిశోధకులు చిరునామాలవారీగా లెక్కేస్తే, దాదాపు 3 శాతం చోట్ల నుంచే సగం కాల్స్ వచ్చాయని తేలింది. 1989లో అచ్చయిన ఆ పరిశోధన తర్వాతే, నేరం గుమికూడే చోట్ల గస్తీ పెంచాలన్న ఆలోచన బలపడింది. మన బస్‌స్టాప్‌లో నెలకి పది ఫోన్లు కొట్టేసినా పదీ ‘లాస్ట్’ కింద పోతే, నేరాల లెక్కలో అక్కడ సున్నా. పోలీసుల హొయ్సళ గస్తీ బండి అక్కడెందుకు ఆగాలి?

చట్టం కూడా మనవైపే ఉంది. విచారణకు అర్హమైన నేరం (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగేది) గురించి చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఫోన్ కొన్న బిల్లు మాత్రం తీసుకెళ్లండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనం ఆ కోవలోకి రాదు, అందుకే విలువ చూపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా చెప్పాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే విషయం రాసి డీసీపీకి పోస్టులో పంపవచ్చు.

ఈ-ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపడమే, 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. అనంతపురంలో దిగాక చూసుకున్నారా, అక్కడే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) ఇవ్వండి, వాళ్లే ఇక్కడికి పంపుతారు. యూపీఐలో డబ్బు కూడా లాగేస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మిగతావన్నీ తర్వాత.

ఆ రోజు మావాడి చేత మళ్లీ చెప్పించాను: “హోయ్తు అల్ల సార్, కళ్ళతన ఆగిదె.” (పోవడం కాదు సార్, దొంగతనం జరిగింది.) కోసిన బ్యాగు బల్ల మీద పెట్టాం. రైటర్ ఆ కోతలోకి వేలు పెట్టి చూసి, కుర్చీ చూపించారు. రెండు గంటల తర్వాత నకలు చేతికొచ్చింది. కన్నడ లిపి మనదానికి దగ్గరే కాబట్టి ఇద్దరం కూడబలుక్కుని చదివాం. నేరం జరిగిన స్థలం అన్నచోట బ్రిడ్జి కింద బస్‌స్టాప్ పేరు, స్టేషన్ నుంచి అది ఏ దిక్కున ఎంత దూరమో రాసి ఉంది.