నాలుగేళ్లుగా ఇన్సులిన్ పంపుతో: పదో తరగతిలో ఎలా ఎంచుకున్నాను, ఇప్పుడు ఏమనిపిస్తోంది

నాకు టైప్ 1 షుగర్ అని తెలిసింది పదకొండేళ్లప్పుడు. పదో తరగతి పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో పంపు (ఒంట్లోకి రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ పంపే చిన్న మిషన్) పెట్టించుకున్నాను, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది, నాలుగేళ్లు కావస్తోంది. నాది ట్యూబ్ ఉన్న పంపు, ఒంటికి పెట్టుకుని షుగర్ చూసే సెన్సర్‌తో కలిపి వాడితే షుగర్ పడిపోయేలా ఉన్నప్పుడు తనంతట తానే ఇన్సులిన్ ఆపేసే రకం. విజయవాడలో ఉంటాం.

మా అమ్మకి ఫోన్ చేసే తల్లిదండ్రులందరూ మొదట అడిగేది "పంపు ఎంతయిందండీ?" అని. దానికంటే ముందు నెలనెలా అయ్యే ఖర్చు అడగండి. పంపు ఒక్కసారి కొంటాం, ఎలాగో తంటాలు పడి కొనేస్తాం. కానీ మూడు రోజులకోసారి సెట్ (ట్యూబూ, చర్మం కిందికి వెళ్లే కాన్యులా అనే సన్నని గొట్టమూ) మార్చాలి, అంటే నెలకి పది, వాటితో పాటు పంపులో ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు, మాకు ఈ రెండింటికే నెలకి పది వేలు దాటుతోంది, సెన్సర్లూ ఇన్సులినూ మళ్లీ వేరే. మాకు తెలిసిన ఒక అబ్బాయికి బంధువులంతా కలిసి పంపు కొనిచ్చారు, సెట్లు కొనలేక ఏడాది తిరక్కుండానే బీరువాలో పెట్టేసి మళ్లీ ఇన్సులిన్ పెన్నులకి (పెన్నులా ఉండే ఇంజెక్షన్లు) వెళ్లిపోయాడు. వాడు గుర్తొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

తర్వాత చూడాల్సింది రిజర్వాయర్‌లో ఎన్ని యూనిట్లు పడతాయన్నది. చిన్నపిల్లలకి ఇదంత లెక్కలోకి రాదు. మన వయసులో మాత్రం హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పట్టదు, చాలామందికి కిలో బరువుకి యూనిట్ పైనే కావాలి. అప్పట్లో నేను 52 కిలోలు, రోజుకి 60 యూనిట్ల దాకా అయ్యేది. మూడు రోజులకి 180, ట్యూబ్ నింపడానికి పోయేది అదనం. అందుకే 180 యూనిట్ల చిన్న మోడల్ చూడ్డానికి బాగున్నా వద్దని 300 యూనిట్లు పట్టేది తీసుకున్నాం. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు ఆమ్నిపాడ్ 5 అనే పంపు వాడుతుంది, ట్యూబే ఉండదు, ఒంటికి అతికించుకోవడమే, వీడియో కాల్‌లో చూసి నాకు చాలా ఆశ కలిగింది. కానీ మేం అడిగినప్పుడు ఇక్కడ అమ్మకంలో లేదు, పైగా అందులో పట్టేది 200 యూనిట్లే, నాకు మూడు రోజులకి బొటాబొటి.

మూడోది బట్టలు. దీని గురించి డాక్టర్లు మాట్లాడరు, అబ్బాయిలకి ప్యాంటు జేబు ఉంటుంది కాబట్టి తట్టదు కూడా. మా డాక్టరుగారు వారం రోజులు ట్రయల్‌కి ఇస్తే, ఆ వారంలోనే మా అక్క నిశ్చితార్థం పడింది, లంగావోణీలో పంపు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఏడుపొచ్చింది. అమ్మ అప్పటికప్పుడు లంగా లోపలి వైపు చిన్న సంచీ కుట్టింది. ఇప్పుడు నా చుడీదార్లన్నిటికీ ఆ సంచీ ఉంది. ట్యూబ్ పొడవు కూడా అలా వాడి చూస్తేనే తెలుస్తుంది, పొట్టిదైతే బాత్‌రూమ్‌లో లాగేస్తుంది, పొడుగుదైతే తలుపు గడియకి తగులుకుంటుంది. ట్రయల్ ఇవ్వకుండా కొనమంటే కొనకండి.

ఇక మార్పు సంగతి. పెన్నులతో ఉన్నప్పుడు రాత్రి 110తో పడుకుంటే పొద్దున 240 ఉండేది, తెల్లవారుజామున హార్మోన్లు షుగర్‌ని పెంచేస్తాయి కదా, రాత్రి వేసే లాంగ్ యాక్టింగ్ (రోజంతా మెల్లగా పనిచేసే ఇన్సులిన్) డోసు పెంచుదామంటే ఒంటిగంటకి షుగర్ మరీ పడిపోయేది. పంపులో గంటగంటకీ వేరే బేసల్ (ఆగకుండా మెల్లగా వెళ్తుండే ఇన్సులిన్) పెట్టుకోవచ్చు. నాకు నాలుగు నుంచి ఏడు దాకా ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. పీరియడ్స్‌కి ముందు మూడు నాలుగు రోజులు ఇన్సులిన్ ఎక్కువ కావాలి, ఆ రోజులకి వేరే సెట్టింగ్ దాచుకున్నాను. బిర్యానీ తింటే వెంటనే కాదు, మూడు నాలుగు గంటలకి పెరుగుతుంది, అందుకని బోలస్‌లో (తిండికి ఇచ్చే డోసు) సగం ఇప్పుడు, సగం మెల్లగా వెళ్లేలా పెడతాను. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.6 నుంచి మొదటి ఏడాదిలోనే 7.4కి వచ్చింది. ఊరికే రాలేదు, ప్రతి కప్పు అన్నానికీ కార్బులు (పిండిపదార్థాలు) నేనే లెక్కపెట్టాలి, ఆ పని పంపు చెయ్యదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, దయచేసి ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటర్ ఫస్టియర్‌లో హాస్టల్లో ఒక రాత్రి చర్మం కింద కాన్యులా మడత పడింది. అలారం మోగలేదు. పంపులో ఉండేది ఫాస్ట్ ఇన్సులిన్ ఒక్కటే, ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు, అది ఆగితే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లు అనే ప్రమాదకరమైన ఆమ్లాలు మొదలవుతాయి. తెల్లారేసరికి వాంతులు, షుగర్ 412. నా పెన్ను వార్డెన్ గదిలోని ఫ్రిజ్‌లో ఉంది, గదికి తాళం, ఆవిడ లేరు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పటినుంచి ఒక పెన్ను, సూదులు, కీటోన్ స్ట్రిప్పులు నా సంచీలోనే ఉంటాయి. వాడుతున్న పెన్నుకి ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలకుండా, 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే నాలుగు వారాలు ఉంటుంది. కారణం తెలీకుండా 250 దాటి, పంపుతో కరెక్షన్ (షుగర్ దించే అదనపు డోసు) ఇచ్చినా రెండు గంటల్లో దిగకపోతే పెన్నుతో వేసుకొని సెట్ మార్చేస్తాను, పంపు స్క్రీన్ మీద అంతా బాగుందని ఉన్నా సరే.

మే నెలలో ఇంకో జాగ్రత్త. ఎండలో స్కూటీ మీద తిరిగితే పంపులోని ఇన్సులిన్ కూడా వేడెక్కి పని తగ్గుతుంది, అందుకే ఆ నెలంతా రెండు రోజులకే మార్చేస్తాను. ఖర్చే, కానీ తప్పదు.

మా అత్తయ్య ఒకావిడ "ఆడపిల్లకి నడుముకి మిషనేంటమ్మా, రేపు నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు. నాన్న సమాధానం చెప్పబోతుంటే నేనే చెప్పాను, ఇది పెట్టుకున్నాక రోజుకి ఐదు సూదులు పోయి మూడు రోజులకి ఒక్కటైందని. పెట్టుకునేది మీరైతే మాట్లాడాల్సింది కూడా మీరే. రంగు, ట్యూబ్, ఎక్కడ గుచ్చుకోవాలి, అన్నీ నన్నే ఎంచుకోనిచ్చారు, అందుకే ఒక్కరోజు కూడా తీసి పారేయాలనిపించలేదు. అమ్మానాన్నలు బలవంతంగా పెట్టించిన ఇద్దరు స్నేహితులు బోలస్ ఇవ్వడమే మానేశారు.

వచ్చే నెలతో నా పంపు వారంటీ అయిపోతోంది. ఈసారి ఐదు నిమిషాలకోసారి తనే ఇన్సులిన్ సర్దుకునే ఆటో మోడ్ ఉన్నది చూస్తున్నాను. దానికి సెన్సర్ దాదాపు ఎప్పుడూ పెట్టుకునే ఉండాలి కాబట్టి నెల ఖర్చు మళ్లీ మొదటినుంచీ లెక్కేస్తున్నాం. వచ్చే వారం డెమోకి రమ్మన్నారు. చీర కట్టుకొని వెళ్తాను.