క్యాంపర్ వ్యాన్ చేయించుకునేవాళ్లకి జాగ్రత్త: కంపెనీ సీట్లు పీకనిచ్చే ముందు ఇది చదవండి

టెంపో ట్రావెలరో వింగరో ఈకోనో, ఏదో ఒక వ్యాన్ కొని క్యాంపర్, అంటే లోపలే వండుకుని పడుకునే బండి, చేయించుకుందాం అనుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, చదివే ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క ముక్క పట్టుకెళ్లండి చాలు: బండి నడుస్తున్నప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఎంతమంది కూర్చుంటారో అన్ని కంపెనీ సీట్లు వాటి బెల్టులతో, వాటి బోల్టులతో బండిలోనే ఉండాలి, తీసిన సీట్లు మీ ఇంటికి రావాలి, క్యాంపర్ పని చేసే షెడ్డువాడి గోడౌన్‌కి కాదు.

మా సంగతి చెప్తా. నేనూ మా బావా కలిసి సెకండ్ హ్యాండ్‌లో 12 సీటర్ ట్రావెలర్ తీసుకున్నాం, వైట్ బోర్డ్. అమ్మ, నాన్న, అక్క, పిల్లలు, అందరం కలిస్తే ఎనిమిది మందిమి. అందుకే షెడ్డువాడికి మొదటి రోజే చెప్పాం, ముందు రెండు సీట్లు ఎలాగూ ఉంటాయి, వాటి వెనక రెండు వరుసలు, వరుసకి ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి, మొత్తం ఆరు సీట్లు కదపొద్దు, దాని వెనక మాత్రమే బెడ్డూ చిన్న కిచెనూ చెయ్యండి అని. వాట్సాప్‌లో ఫోటో మీద గీత గీసి మరీ పంపాడు బావ. అటునుంచి "ఓకే సార్, డన్" అని బొటనవేలు బొమ్మ వచ్చింది, అడ్వాన్స్ వెళ్లిపోయింది.

తర్వాత ఒకరోజు షెడ్డువాడు వీడియో పంపాడు, చూస్తే బండి లోపల డ్రైవర్ సీటు వెనక నుంచి డిక్కీ దాకా ఖాళీ ఫ్లోరు, ఒక్క సీటు లేదు. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, "ఆ సీట్లు పెడితే లుక్ రాదు సార్, నేను ఎల్ షేప్ సోఫా ఇస్తున్నా, పగలు సోఫా, రాత్రి బెడ్డు, బెల్ట్ కూడా పెడతా." మరి మా సీట్లేవి అంటే ఎక్స్‌ఛేంజ్‌లో పోయాయి, బిల్లులో లెస్ చేశా అన్నాడు. ఎక్స్‌ఛేంజ్ అనే మాట మా కొటేషన్‌లో ఎక్కడా లేదు. మంచి పుష్‌బ్యాక్ సీట్లు, రెగ్జిన్ కూడా చిరగలేదు, వాటికి బిల్లులో లెస్ చేసింది చూస్తే ఇనప సామాను వాడు కూడా అంతకంటే ఎక్కువే ఇస్తాడు. ఇలాంటి షెడ్డులకి అసలు లాభం ఇక్కడే ఉంటుంది, ట్రావెల్స్ వాళ్లకి సెకండ్ హ్యాండ్ సీట్లు ఎప్పుడూ కావాలి, మన బండిలోంచి తీసినవి అటు పోతాయి, మనకి ప్లైవుడ్ మీద ఫోము.

సోఫా చూడ్డానికి బానే ఉంది, అబద్ధం చెప్పను. అమ్మకి కూడా నచ్చింది. బావకే ఎందుకో అనుమానం వచ్చి కుషన్ లేపి టార్చ్ కొట్టాడు. బెల్ట్ బకిల్ ప్లైవుడ్ పెట్టెకి బిగించి ఉంది, వెనక చిన్న వాషరు. ఆ పెట్టె ఫ్లోరుకి ఎలా నిలబడిందయ్యా అంటే ఎల్ యాంగిల్ ముక్కలు, సెల్ఫ్ స్క్రూలు, అవి కూడా ఫ్లోరు రేకుకే, కింద ఛాసిస్ క్రాస్ మెంబర్‌కి, అంటే బండి అడుగున అడ్డంగా ఉండే ఇనప దూలానికి, ఒక్కటీ తగల్లేదు. బావ బెల్ట్ చేత్తో పట్టుకుని గట్టిగా గుంజితే పెట్టె కిర్రుమంది. గోడకి క్యాలెండర్ తగిలించడానికి మేకు కొట్టినట్టు కొట్టారు, దానికి మా మేనల్లుణ్ణి కట్టాలంట.

బెల్ట్ ఉంది కదా అనుకునేవాళ్లకి ఒక లెక్క చెప్తా. గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో ఉన్న బండి దేన్నైనా గుద్ది అర మీటర్ దూరంలో ఆగిపోయిందనుకోండి, అప్పుడు 60 కేజీల మనిషి ఆ బెల్ట్ మీద సుమారు 1,200 కేజీల బరువై పడతాడు. యాభై అంటే మన ఊరి రోడ్డు స్పీడే, హైవే కూడా కాదు. యూరప్ రూల్స్‌లో కారు సీట్ల బెల్ట్ పాయింట్లని టెస్ట్ చేసేటప్పుడు త్రీ పాయింట్ బెల్ట్‌కి భుజం పట్టీని 13.5 కిలోన్యూటన్లతో, నడుం పట్టీని ఇంకో 13.5 కిలోన్యూటన్లతో ఒకేసారి లాగుతారు, అంటే ఒక్కోదాని మీద 1,370 కేజీల పైనే. పెద్ద వ్యాన్లకి లెక్క అందులో సగం ఉంటుంది, ఆ సగమైనా ప్లైవుడ్ తట్టుకోదు. బెల్టుతో వచ్చే కంపెనీ సీటు ఇలాంటి టెస్ట్ దాటే వస్తుంది, సీటు ఫ్రేమూ, బోల్టూ, ఫ్లోరు కింద ఉన్న రీఇన్‌ఫోర్స్‌మెంటూ అన్నీ కలిపి ఒక సెట్టు. అందులోంచి సీటు ఒక్కటి తీసి పక్కకి జరిపినా సరే ఆ టెస్ట్ లెక్క పోయినట్టే.

జరపడం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతా. మీ బండిలో వెనక సీట్ల బెల్ట్ ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు చూసుకోండి. కొన్నింటిలో బెల్ట్ పైభాగం బండి పిల్లర్‌కి, అంటే కిటికీల మధ్య నిలువు స్తంభానికి ఉంటుంది, కొన్నింటిలో సీటు వీపులోంచే వస్తుంది. పిల్లర్‌కి ఉన్నదైతే కిచెన్‌కి చోటు కావాలని సీటుని ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపారంటే పట్టీ భుజం మీద పడాల్సింది మెడ మీద పడుతుంది, లేదా చంక కిందకి జారిపోతుంది. సీటులోంచే వచ్చేదైతే పట్టీ కోణం మారదు, కానీ గుద్దినప్పుడు బరువంతా సీటు కాళ్ల మీదే పడుతుంది, కాబట్టి ఆ కాళ్లు కూర్చునే చోట ఫ్లోరు కింద దళసరి ఇనప ప్లేటు ఉండాలి, రేకుకి నట్టు వేస్తే చాలదు. కొన్ని వ్యాన్లలో సీటుకి ఒక వైపు కాలు ఫ్లోరు మీద, రెండో వైపు సైడ్ గోడ పట్టీ మీద ఉంటుంది, అలాంటిది మధ్యలోకి తెచ్చి పెట్టడం అసలు కుదరదు, రెండో కాలు వెల్డింగ్ చేస్తాం అంటారు, వద్దనండి. బోల్టులు కూడా పాతవే దాచండి, కొత్తవి వేయాల్సి వస్తే తల మీద 8.8 అని గుర్తు ఉన్నదాని కంటే తక్కువది ఒప్పుకోకండి, బెల్ట్ బోల్ట్‌కి అయితే చాలా బండ్లలో మర కూడా వేరు, హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు మెట్రిక్ బోల్ట్ దానికి పట్టదు, పట్టించారంటే మర చెడగొట్టి పట్టించినట్టే.

ఇక ఏవి ఉంచాలి, ఏవి తీయాలి. నా లెక్క ప్రకారం డ్రైవర్ వెనక మొదటి వరుస ఎవరేం చెప్పినా కదపకూడదు, ముందుకి చూసే సీట్లు, ముసలివాళ్లు ఎక్కడానికి తలుపు దగ్గర, పిల్లల సీటు కట్టడానికి కూడా అదే చోటు. చైల్డ్ సీట్ పక్కకి చూసే సోఫా మీద కట్టకూడదు, దాని మాన్యువల్ చూసినా అదే ఉంటుంది, ముందుకి చూసే సీటూ సరైన బెల్టూ కావాలి. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల ఫైన్ కూడా ఉంది, అది వేరే సంగతి. రెండో వరుస ఉంచాలా వద్దా అన్నది మీ ఇంటి తలకాయల లెక్క. తీయాల్సింది చివరి వరుస, వెనక చక్రం మీదుగా ఉన్న సీటు, ఎలాగూ కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, అక్కడే బెడ్డు బాగా కుదురుతుంది. ఎమర్జెన్సీ తలుపుకి మాత్రం బెడ్డు అడ్డం పెట్టకండి, గ్యాస్ స్టవ్ ఉన్న బండిలో రాత్రి ఏదన్నా అయితే బయటికి దారి అదే.

పక్కకి చూసే సోఫా ఆగి ఉన్నప్పుడు కూర్చుని టీ తాగడానికి బంగారం. నడిచే బండిలో దాని మీద మనిషిని కూర్చోబెట్టడం వేరే కథ, బ్రేక్ కొడితే మనిషి పక్కకి పోతాడు, నడుం బెల్ట్ ఒక్కటే ఉంటే అది పొట్టలోకి దిగుతుంది. అరకు ఘాట్ అనంతగిరి వైపు నుంచి ఎక్కినవాళ్లని అడగండి, ఆ మలుపుల్లో సోఫా మీద నిలదొక్కుకోవడం ఎలా ఉంటుందో. యూట్యూబ్‌లో క్యాంపర్ టూర్ వీడియోలన్నీ ఆగి ఉన్న బండిలోనే తీస్తారు, లైట్లు, దిండ్లు, ఇండక్షన్ స్టవ్ మీద మ్యాగీ. ఆరుగురు పడుకోవచ్చు అంటారు. ఆరుగురు ఎలా కూర్చుని వచ్చారో ఒక్కడూ చూపించడు.

పాత మోడల్ బండ్లలో వెనక సీట్లకి బెల్టే లేనివి ఉన్నాయి, నడుం బెల్ట్ ఒక్కటే ఉన్నవీ ఉన్నాయి. అలాంటిది కొంటుంటే ఉంచే సీట్లు ఏవి అన్న ప్రశ్నకి అర్థమే లేదు, ముందే బెల్టులున్న బండి వెతుక్కోండి, రేటు కొంచెం ఎక్కువైనా సరే. ఈకో తీసుకునేవాళ్లకి ఇంకోటి, ముందు సీట్లు వెనక్కి తిప్పే స్వివెల్ పెడతాం అని ఎవడన్నా అంటే నవ్వి ఊరుకోండి, ఈకోకి ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, సీటు లేపితేనే మెకానిక్‌కి చెయ్యి పడుతుంది.

కాగితాల సంగతి. ఆర్‌సీలో సీటింగ్ కెపాసిటీ అని ఒక నంబర్ ఉంటుంది, మీ బండిలో సీట్లు దానికి తేడాగా ఉంటే అది ఆల్టరేషన్ కిందకి వస్తుంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చడానికి లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అనుమతి లేని మార్పుకి అదే చట్టం సెక్షన్ 182ఎ కింద ఓనరు మీద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు, గమనించారా, పడేది ఓనరు మీద. మా షెడ్డువాడు "ఆర్టీఓలో మన మనిషి ఉన్నాడు సార్" అన్నాడు, ఆ మాట వినపడగానే లేచి వచ్చేయాల్సిన మాట అది. మోటార్ కారవాన్‌లకి, అంటే ఇలాంటి క్యాంపర్ బండ్లకి, ఏఐఎస్-124 అని విడిగా స్టాండర్డ్ ఉంది, దాని ప్రకారం అప్రూవల్ ఉన్నవాళ్ల దగ్గర చేయిస్తే బండి కారవాన్‌గానే రిజిస్టర్ అవుతుంది. మీ షెడ్డువాడిని ఆ సర్టిఫికెట్ అడగండి, చూపిస్తే కూర్చోండి, లేదంటే ముందు ఆర్టీఓ ఆఫీసుకి మీరే వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి, చెప్పకపోతే యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి ప్లైవుడ్ సోఫా ఫోటో తీసుకుని వెళ్తాడు, క్లెయిమ్ గొడవ అక్కడ మొదలవుతుంది.

కొటేషన్‌లో ఏం రాయించుకోవాలంటే, ఏ వరుస ఏ సీటు ఉంటుందో బొమ్మ గీసి, తీసిన సీట్లు రెయిల్స్‌తో, అంటే సీటు బిగించే ఇనప పట్టాలతో, బోల్టులతో సహా ఓనరుకి అప్పగించాలి అని, ఛాసిస్‌కీ ఫ్లోరుకీ ఓనరు చూడకుండా కొత్త రంధ్రం వేయకూడదు అని. మా బండికి వేసిన రంధ్రాల్లో ఒకటి బ్రేక్ పైపుకి వేలెడు దూరంలో ఉంది, మిగతావాటికి ప్రైమర్ కూడా కొట్టలేదు, ఒక్క వానాకాలం చాలు తుప్పుకి. సీట్లు తీసే రోజు మీరు అక్కడ ఉండండి, మీ ఆటో ట్రాలీ మీరే తెచ్చుకోండి, సీట్లు ఎక్కించుకుని రండి. డబ్బులు ముక్కలు ముక్కలుగా ఇవ్వండి, కుషన్లు వేయకముందు ఫ్రేములు చూసిన తర్వాతే రెండో విడత. ఇంట్లో చోటు లేదంటారా, మేడ మీద టార్పాలిన్ కప్పి పెట్టుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు మళ్లీ ప్యాసింజర్ బండిగా అమ్మాలంటే ఆ సీట్లే కావాలి, విడిగా అదే మోడల్ సీట్లు వెతకాలంటే చుక్కలు కనపడతాయి, నాకు తెలుసు, ఇప్పుడు వెతుకుతున్నది మేమే.

రెడీగా కన్వర్ట్ చేసి ఉన్న బండి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త, ఇప్పుడు ఇలాంటివి బాగా అమ్మకానికి వస్తున్నాయి. ఆర్‌సీ చూడండి, లోపల బెల్టులు లెక్కపెట్టండి, రెండూ కలవకపోతే ఎందుకో అడగండి. కుషన్ లేపనివ్వకపోతే బండి వద్దు. లేపనిస్తే బెల్ట్ ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి వెంట వెళ్లండి, చెక్క తగిలితే అది బెల్ట్ కాదు. బండి కింద పడుకుని చూడండి, ఫ్లోరు కింద బోల్ట్ తలలు, ప్లేట్లు కనపడాలి. అమ్మేవాడు "మేం కూర్చునే తిరిగాం, ఏం కాలేదు" అంటాడు.

మాది ఎక్కడి దాకా వచ్చిందంటే, సోఫా పీకించేశాం, పెట్టెలన్నీ షెడ్డు ముందే దించేశాం, సీట్ల డబ్బులో కొంత వెనక్కి వచ్చింది, మిగతాదానికి లాయర్ నోటీసు పంపాం, అందుకే ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయట్లేదు, ఇన్‌బాక్స్‌లో అడిగినా చెప్పను. అదే వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) ట్రావెలర్‌లోంచి తీసిన సీట్లు, బెల్టులు ఉన్నవి, రెయిల్స్‌తో సహా ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఆరు కావాలి, వచ్చి చూసి పట్టుకెళ్తాం.