పెద్దల ఏడీహెచ్‌డీకి రెండు మందులు: ఏళ్ళ తరబడి వాడిన తరువాత నా అంచనా

పెద్ద వయసులో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతిచురుకుదనం లక్షణాలుగా ఉండే సమస్య) ఉన్నట్టు తేలినవారికి మన దేశంలో మానసిక వైద్యులు ప్రధానంగా రాసే మందులు రెండు. మొదటిది ఉత్తేజక (స్టిమ్యులెంట్) వర్గానికి చెందిన మిథైల్‌ఫెనిడేట్, రెండవది ఆ వర్గానికి చెందని అటోమాక్సెటిన్. వైద్యురాలి పర్యవేక్షణలో నేను ఈ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా, ఒక్కొక్కటి ఏడాదికి మించి వాడాను. పని చేసే గంటల్లో మిథైల్‌ఫెనిడేట్‌కు అటోమాక్సెటిన్ సాటి రాదు. అయినప్పటికీ నేను చివరికి నిలిచింది అటోమాక్సెటిన్ మీదనే, ఇప్పటికీ దానినే వాడుతున్నాను. మందు ఎంత గట్టిగా పనిచేస్తుందన్న దానికన్నా, రోజులో ఏ వేళ మనకు దాని అవసరం ఎక్కువన్నది నా విషయంలో నిర్ణయాత్మకమైంది. ఇదే నాబోటి ఇంకొకరికి తలకిందులు కావచ్చు కనుక నా పరిస్థితిని కూడా చెప్పవలసి ఉంది.

నేను హనుమకొండలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ కార్యాలయంలో పని చేస్తాను. ప్రతి నెలా 11వ తేదీకి అమ్మకాల వివరాలు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను లెక్క చూపే రిటర్ను జీఎస్టీఆర్-3బి దాఖలు కావాలి. గడువు దాటితే ఆలస్య రుసుము పడేది మా క్లయింటుకు. ఇంట్లో ఆరో తరగతి చదివే అబ్బాయి, వయసు మళ్ళిన అత్తగారు ఉన్నారు. మా వారు ఉద్యోగరీత్యా వారంలో ఎక్కువ రోజులు హైదరాబాదులో ఉంటారు. అంటే సాయంత్రం ఆరు దాటిన తరువాత నా రెండవ పనిదినం మొదలవుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి పక్క గదిలోకి వెళ్ళి వాటి సంగతే మరచిపోవడం, అబ్బాయి లెక్క అడుగుతుంటే సగంలో లేచిపోవడం, అత్తగారి బీపీ మాత్ర ఇచ్చానో లేదో గుర్తులేక స్ట్రిప్పులో మాత్రలు లెక్కపెట్టుకోవడం, ఇవన్నీ ఏళ్ళ తరబడి నా స్వభావమని ఇంటిల్లిపాదీ అనుకున్నాము.

నిర్ధారణ ముప్పై ఐదేళ్ళు దాటిన తరువాత జరిగింది. గెంతులు, అల్లరి లేకుండా పరధ్యానం మాత్రమే ఉన్న ఆడపిల్లలను బడిలో ఎవరూ గుర్తించరు. వారిలో చాలామంది నాలాగే తమ పిల్లల కోసం వైద్యుల దగ్గరకు వెళ్ళినప్పుడు తమ సంగతి తెలుసుకుంటారు. పెద్దలలో నిర్ధారణకు, అజాగ్రత్త లేదా అతిచురుకుదనం వర్గాలలో ఒకదానిలోనైనా కనీసం ఐదు లక్షణాలు ఉండాలనీ, వాటిలో కొన్ని 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలనీ 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం చెబుతోంది. అందుకే మా వైద్యురాలు మా నాన్నగారితో ఫోనులో చాలాసేపు మాట్లాడి, నా బడి రోజుల సంగతులు రాసుకున్నారు. మందు రాయడానికి ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు, నిద్ర గురించి అడిగారు, బీపీ, నాడి చూశారు, మా ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా అని ప్రత్యేకంగా ప్రశ్నించారు. ఇవేవీ అడగకుండా మొదటి పదిహేను నిమిషాలలోనే ఎవరైనా ఉత్తేజక మందు రాస్తే సందేహించవలసిందేనని నా అభిప్రాయం.

మొదట ఇచ్చింది తక్కువ సేపు పనిచేసే మిథైల్‌ఫెనిడేట్, 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు సార్లు. తరువాత వారాల వ్యవధితో మోతాదు పెంచారు. ఈ రసాయనాన్ని తొలిసారి తయారుచేసింది 1944లో. 1950ల నుంచి వాడుకలో ఉన్నది కనుక దీని మంచిచెడులు వైద్యలోకానికి బాగా తెలిసినవే. మెదడులోని నాడీకణాలు విడుదల చేసిన డోపమైన్, నార్అడ్రినలిన్ అనే రసాయనాలు వెంటనే వెనక్కి పోకుండా ఇది అడ్డుకుంటుంది. వేసుకున్న అరగంట నుంచి గంటలోపు పని మొదలుపెట్టి, సుమారు నాలుగు గంటల్లో విరమిస్తుంది.

దాని ప్రభావం ఎలా ఉంటుందో చెప్పడానికి చాలామంది హుషారు, శక్తి వంటి మాటలు వాడుతారు. నాకు అలాంటిదేమీ అనిపించలేదు. నేను గమనించింది, ఒక పని చేయాలని తెలియడానికీ దానిని మొదలుపెట్టడానికీ మధ్య నాకు జీవితాంతం ఉన్న దూరం తగ్గిపోవడం. కొనుగోలు బిల్లులను, అమ్మినవారు దాఖలు చేసిన వివరాలతో తయారయ్యే జీఎస్టీఆర్-2బి పట్టికతో సరిచూసే పని మా కార్యాలయంలో అందరికీ విసుగే, నాకైతే శిక్ష. ఆ ఫైలు తెరిచి, వరుసగా చూస్తూ, తేడా వచ్చిన చోట గుర్తు పెట్టుకుంటూ, మధ్యలో ఫోను చేతిలోకి తీసుకోకుండా చివరి వరకూ వెళ్ళగలిగినప్పుడు, మిగతావారు రోజూ ఇంత తేలికగా పని చేస్తున్నారా అని నాకు దుఃఖం కలిగింది. పెద్ద వయసులో మందు మొదలుపెట్టినవారిలో ఈ దుఃఖం సాధారణమని మా వైద్యురాలు తరువాత చెప్పారు. దానికి కొంత సమయం ఇవ్వాలి.

అయితే మందు దిగిపోయే వేళ నాకు కష్టంగా ఉండేది. రెండవ మాత్ర ప్రభావం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో తగ్గుతుండగా చిరాకు ముంచుకొచ్చేది, ఎవరు పలకరించినా గొంతు లేచేది. అందుకని దీర్ఘకాలం విడుదలయ్యే మాత్రకు మార్చారు. ఉదయం ఒక్కటే వేసుకోవాలి, నమలకూడదు, విరవకూడదు. ఎత్తుపల్లాలు తగ్గాయి, కార్యాలయంలో రోజంతా ఒకే తీరుగా గడిచింది. కానీ దిగిపోయే వేళ నాలుగున్నర నుంచి ఏడు గంటలకు జరిగిందంతే. సరిగ్గా అబ్బాయి పుస్తకాలు తెరిచే సమయానికి, వంట మొదలయ్యే సమయానికి, పగలంతా కుదురుగా ఉన్న మనసు మునుపటికన్నా ఎక్కువగా చెదిరిపోయేది. సాయంత్రానికి మరొక చిన్న మాత్ర చేర్చి చూశారు. అప్పుడు రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర రాలేదు. మధ్యాహ్నం అన్నం సహించకపోవడం, బరువు తగ్గడం, విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా నాడి వేగంగా ఉండడం వీటికి తోడయ్యాయి. ఆకలి సంగతి కొంతవరకు చక్కదిద్దుకోవచ్చు. మాత్రకు ముందే ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తిని, రాత్రి భోజనాన్ని ప్రధానం చేసుకుంటే బరువు నిలిచింది. సాయంత్రాల సమస్యకు మాత్రం నా విషయంలో పరిష్కారం దొరకలేదు.

మందు దొరకడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీర్ఘకాలం వాడేవారికి ఇది చిన్న విషయం కాదు. మిథైల్‌ఫెనిడేట్ మన ఔషధ నియమావళిలో షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది, మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి కూడా వస్తుంది. అమ్మడానికి దుకాణానికి ప్రత్యేక లైసెన్సు కావాలి, చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, అందులో ఒకటి దుకాణదారు రెండేళ్ళు భద్రపరచాలి. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఈ మందులను వీడియో సంప్రదింపుల ద్వారా రాయడానికి వీలులేదు. కాబట్టి ప్రతి చీటీకీ వైద్యుల ముందు కూర్చోవలసిందే. దుర్వినియోగం జరగకుండా ఈ కట్టుదిట్టాలు అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ తేదీలు గుర్తుపెట్టుకోవడం, కాగితాలు జాగ్రత్త చేయడం, మందు అయిపోకముందే బయలుదేరడం అనే మూడు పనులనే చేయలేని జబ్బుకు, ఆ మూడూ చేస్తేనే మందు దొరుకుతుందంటే రోగికి ఎంత భారమో నియమాలు రాసేవారు ఆలోచించాలి. మా ఊళ్ళో లైసెన్సు ఉన్న దుకాణం దొరకక చీటీ పట్టుకుని హైదరాబాదు వెళ్ళవలసి వచ్చేది. అక్కడ కూడా సరుకు లేదన్న మాట విని తిరిగి వచ్చిన రోజులున్నాయి. మందు దొరకని వారంలోనే 20వ తేదీ పడితే నా అవస్థ ఊహించుకోవచ్చు.

అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అమ్మాయి వాడేది యాంఫెటమిన్ లవణాల మందు. అది మన దగ్గర అమ్మకంలో లేదు, అక్కడి నుంచి ఎవరితోనైనా తెప్పించుకుందామనుకోవడం చట్టరీత్యా ప్రమాదకరం. అక్కడ కూడా సరఫరాకు భరోసా లేదు. ఆ రకం మందే అయిన అడెరాల్ కొరతను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 అక్టోబరులో అధికారికంగా ప్రకటించింది, ఆ రోజుల్లో తాను మందు కోసం ఫార్మసీ తరువాత ఫార్మసీకి ఫోను చేసేదాన్నని ఆమె చెప్పింది.

అటోమాక్సెటిన్‌కు మారుదామని వైద్యురాలు అన్నప్పుడు నాకు పెద్దగా ఆశ లేదు. ఉత్తేజక వర్గానికి చెందని ఏడీహెచ్‌డీ మందుగా దీనికి 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది ప్రధానంగా నార్అడ్రినలిన్ మీద పనిచేస్తుంది, అలవాటుగా మారే గుణం లేదు, షెడ్యూల్ ఎక్స్ కట్టుబాట్లు లేవు. కానీ వేసుకున్న రోజే పనిచేయదు. 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 80కి తీసుకువెళ్ళడం పెద్దలలో పరిపాటి, 100 గరిష్ఠం. మా వైద్యురాలు పరిపాటికన్నా నెమ్మదిగా పెంచారు. నేను అంతకుముందు ఆందోళనకు పారాక్సెటిన్ వాడి ఉన్నాను. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు అటోమాక్సెటిన్‌ను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైమును అణచివేస్తాయి, దానితో రక్తంలో మందు మోతాదు కొన్ని రెట్లు పెరిగిపోతుంది. కాబట్టి ఇతర మందుల వివరాలు ఒక్కటి కూడా దాచకుండా చెప్పడం ఇక్కడ అత్యవసరం.

మొదటి నెల అన్నిటికన్నా కష్టమైన కాలం. దుష్ఫలితాలు ముందే వచ్చేశాయి, ప్రయోజనం జాడ లేదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే గంటలోపే వికారం, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం వెంటనే రాకపోవడం, చల్లని గదిలో కూడా చెమట పట్టడం. టిఫిను మధ్యలో వేసుకోవడం మొదలుపెట్టిన తరువాత వికారం చాలావరకు తగ్గింది. క్యాప్సూల్ విప్పి పొడిని నీళ్ళలో కలుపుకోవచ్చా అని అడిగాను; ఆ పొడి కళ్ళకు తగిలితే మంట పుట్టిస్తుంది కనుక విప్పకూడదన్నారు. చాలామంది ఈ దశలోనే మానేస్తారని విన్నాను, వారిని తప్పుపట్టలేను. నేను నిలబడగలగడానికి కారణం, ఆరు వారాలు దాటకుండా తీర్పు చెప్పవద్దని వైద్యురాలు మొదటి రోజే స్పష్టంగా చెప్పడం.

మార్పు ఎప్పుడు వచ్చిందో నేను తేదీ చెప్పలేను. ముందుగా గమనించింది మా అత్తగారు. ‘ఈమధ్య నేను చెప్పే మాట చివరిదాకా వింటున్నవమ్మా’ అన్నారు ఒక రాత్రి, ఆమెకు మందు మారిన సంగతి తెలియదు. తరువాత నాకూ తెలిసివచ్చింది. ఏడు గంటలకు, తొమ్మిది గంటలకు, ఉదయం నిద్ర లేచిన క్షణానికి కూడా మనసు దాదాపు ఒకే స్థాయిలో ఉంటోంది. ఎక్కే వేళ, దిగే వేళ అనేవి లేవు. అబ్బాయి భిన్నాల లెక్కలు అరగంట సేపు కుదురుగా చెప్పగలుగుతున్నాను. కోపం వచ్చినా మాట నోటి దాకా వచ్చే లోపల ఒక క్షణం ఎడం దొరుకుతోంది. ఇది మిథైల్‌ఫెనిడేట్ ఉన్న గంటల్లో కూడా నాకు ఇంత నిలకడగా దొరకలేదు.

తగ్గింది కూడా చెప్పాలి. కార్యాలయంలో పాత పదును లేదు. 2బి సరిచూసే పనికి ఇప్పుడు విరామాలు కావాలి, కాగితం మీద జాబితా కావాలి, ఫోను సొరుగులో పెట్టాలి. 18 నుంచి 20 వరకు మూడు రోజులు మిథైల్‌ఫెనిడేట్ గుర్తుకు రాని నెల లేదు. నోరు ఎండిపోవడం ఇప్పటికీ పోలేదు, మంచినీళ్ళ సీసా లేకుండా బయటికి వెళ్ళను. పురుషులలో లైంగిక సమస్యలు కూడా ఈ మందు దుష్ఫలితాలలో ఉన్నాయి. వాటిని చెప్పుకోవడానికి మన దగ్గర సంకోచిస్తారు కానీ వైద్యులకు చెప్పితీరాలి. అరుదుగా కాలేయానికి హాని జరగవచ్చు కనుక కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే వెళ్ళాలి. పిల్లలలో, కౌమార వయసు వారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఈ మందు మీద ఉంది. ఏ వయసు వారైనా మొదటి నెలల్లో మనోస్థితిలో మార్పు గమనిస్తే ఆలస్యం చేయకూడదు.

పెద్దలలో ఈ మందులను పోల్చిన పరిశోధనలలో ముఖ్యమైనది 2018లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన విశ్లేషణ. అందులో యాంఫెటమిన్లు ముందున్నాయి. మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్‌ల మధ్య వైద్యుల అంచనాలో పెద్ద తేడా కనిపించలేదు. అయితే ఆ ఫలితాలు సుమారు 12 వారాల కాలానికి సంబంధించినవి. సాయంత్రం ఏడు గంటలకు ఇంట్లో మనిషి ఎలా ఉంటాడన్నది సగటు లెక్కల్లో విడిగా కనిపించదు. అందుకే వైద్యుల దగ్గరకు వెళ్ళేటప్పుడు మనం పట్టుకెళ్ళే వివరాలకు విలువ ఉంది. నేను ప్రతి రాత్రీ నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసేదాన్ని: మొదలుపెట్టి పూర్తి చేసిన పని, సాయంత్రపు కోపం, తిండి, నిద్ర. మందు మార్చాలన్న నిర్ణయం ఆ పుస్తకం చూసి తీసుకున్నదే. ‘పర్వాలేదండీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే నేను ఇప్పటికీ మొదటి మందు మీదే ఉండేదాన్ని, ఇంట్లో అందరూ నా సాయంత్రాలను భరిస్తూ ఉండేవారు.

ఎవరికి ఏది నప్పవచ్చునని అడిగితే నా అనుభవం మేరకు ఇలా చెబుతాను. పగటి పూట ఏకాగ్రతే ప్రధానమైనవారికి, పరీక్షలకు చదివేవారికి, గుండె, బీపీ సమస్యలు లేనివారికి, వైద్యుల దగ్గరకు తరచుగా వెళ్ళగలిగినవారికి మిథైల్‌ఫెనిడేట్‌ను ముందుగా ప్రయత్నించడం సబబు; అది పనిచేస్తుందో లేదో కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. ఆందోళన తోడుగా ఉన్నవారికి, సాయంత్రాలు బరువైనవారికి, షెడ్యూల్ ఎక్స్ దుకాణం అందుబాటులో లేని ఊళ్ళవారికి అటోమాక్సెటిన్ గురించి వైద్యులను అడగడం మంచిది, రెండు నెలల ఓపిక ఉంటేనే. బీపీ దీనితో కూడా పెరగవచ్చు. నేను ఇంట్లోనే మిషనుతో వారానికోసారి చూసుకుని రాసిపెడుతున్నాను. వచ్చేసారి వెళ్ళినప్పుడు 80ని 60కి తగ్గించినా సాయంత్రాలు ఇలాగే నిలుస్తాయా, నోరు ఎండడం తగ్గుతుందా అని మా వైద్యురాలిని అడగాలనుకుంటున్నాను.