ప్రయోగాన్ని బొమ్మగా గీయించి ప్రశ్నలడిగే ఎక్స్‌పెరిమెంటల్ డిజైన్ అసిస్టెంట్

జంతువులపై ప్రయోగాలు చేసేవాళ్ల కోసం బ్రిటన్‌లో జంతు ప్రయోగాలను తగ్గించేందుకు పనిచేసే ఎన్‌సీ3ఆర్స్ అనే సంస్థ 2015లో తెచ్చిన ఉచిత వెబ్ సాధనం ఇది. అకౌంట్ తెరిస్తే బ్రౌజర్‌లోనే పని జరుగుతుంది. పరికల్పన, జంతువులు, రాండమైజేషన్ (ఏది ఏ గ్రూపులోకో లాటరీలా తేల్చడం), గ్రూపులు, ఇచ్చే మందు, కొలత, విశ్లేషణ అన్నిటికీ విడివిడిగా గడులు పెట్టి బాణాలతో కలపాలి. మామూలు ఫ్లోచార్ట్ సాఫ్ట్‌వేర్‌లో గడి అంటే గడే. ఇక్కడ మాత్రం ఏ గడి దేనికో సాధనానికి తెలుసు. కాబట్టి క్రిటిక్ బటన్ నొక్కగానే ఏది పెట్టలేదో, ఏది దేనికి పొసగలేదో చెబుతుంది.

చాలామంది చిక్కుకునేది ఎక్స్‌పెరిమెంటల్ యూనిట్ దగ్గర, అంటే మందు ఇవ్వాలో వద్దో దేనికి దానికి విడిగా తేల్చగల యూనిట్ ఏది అన్న దగ్గర. కేజ్‌కి 4 చొప్పున 6 కేజ్‌లలో 24 ఎలుకలున్నాయి, 3 కేజ్‌ల తాగునీటిలో మందు కలిపారనుకోండి. మందు అందింది కేజ్‌కి, ఎలుకకి కాదు. గ్రూపుకి లెక్క 12 కాదు, 3 మాత్రమే. ఈ గడి నింపమని సాధనం పట్టుబడుతుంది, అదే దీని అసలు విలువ. ఎలుక అని తప్పుగా నింపితే మాత్రం మీ కేజ్‌లు దానికి కనబడవు, గట్టెక్కించలేదు.

శాంపిల్ సైజు లెక్కకి ప్రామాణిక విచలనంతోపాటు (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే సంఖ్య), జీవశాస్త్రపరంగా పట్టించుకోదగిన కనీస తేడా ఇవ్వాలి. ఆ తేడా ఒక ప్రామాణిక విచలనమంత ఉంటే, రెండు గ్రూపుల సగటులను పోల్చే టీ టెస్ట్‌లో 0.05 స్థాయికి (లేని తేడాని ఉందనుకునే అవకాశం 5 శాతం), 80 శాతం పవర్‌కి (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) గ్రూపుకి 17 కావాలి. సగమే ఉంటే 64. చిన్న పైలట్‌లో (ముందస్తు ప్రయోగంలో) వచ్చిన పెద్ద తేడాని తెచ్చి ఇక్కడ వేస్తే సంఖ్య ముచ్చటగా తగ్గుతుంది, ప్రయోగం మాత్రం దేన్నీ తేల్చదు.

రాండమైజేషన్ జాబితాను నేరుగా మూడో మనిషికి పంపే ఏర్పాటు బాగుంది, కొలిచేవాళ్లకి ఏ ఎలుక ఏ గ్రూపో తెలియకుండా ఉంటుంది. పని రెండు మూడు రోజులపాటు సాగితే రోజుని బ్లాకింగ్ అంశంగా పెట్టండి, అంటే ఏ రోజుకారోజు అన్ని గ్రూపులూ ఉండేలా చూడండి. కేటాయింపులో పెట్టి విశ్లేషణకి బాణం గీయడం మరిచిపోతే సగం శ్రమ వృథా.

లోపం లేకపోలేదు. నాలుగైదు గ్రూపులు, పదేపదే కొలతలు ఉంటే బాణాలు చిక్కుపడ్డ నూలుండలా తయారవుతాయి. మొదటిసారి క్రిటిక్ నొక్కితే వచ్చే సందేశాల వరుస చూసి బెదిరిపోవచ్చు కూడా. సొంతంగా మొదలెట్టేకంటే అందులోనే ఉన్న నమూనా బొమ్మని మార్చుకోవడం తేలిక. ఒకటి సరిచేసి మళ్లీ నొక్కండి, వెనకాలవి కొన్ని వాటంతటవే పోతాయి. క్లిష్టమైన డిజైన్లకి గణాంక నిపుణుణ్ణి ఎలాగూ కలవాలి, అప్పుడు ఈ బొమ్మ పీడీఎఫ్ పట్టుకెళ్తే వివరించే పని బాగా తగ్గుతుంది.